సభాకంపం: గాయకులకు ఒక వైద్యుని మాట

పాఠకులారా, "సభాకంపం" అన్న మాటను ఒకసారి గమనించండి. మనసులోని భయంకంటె శరీరంలోని వణుకునే ఆ మాట ముందుగా పట్టుకున్నది. వైద్యునిగా నాకది మిక్కిలి సమంజసంగా తోస్తుంది.

సభ ఎదుట కూర్చోగానే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోనికి విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, ఊపిరి పైపైననే ఆడుతుంది. వీణకు తీగ సడలితే బిగించుకొనవచ్చు. గాయకునికి శరీరమే వాద్యం. స్వరపేటిక కండరాలు బిగుసుకుంటే తారషడ్జమం వద్ద ఆ సంగతి సభకంతటికీ తెలిసిపోతుంది. ఇది చేతకానితనం కాదు. సుప్రసిద్ధ అమెరికన్ గాయని బార్‌బ్రా స్ట్రైసాండ్ 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు కచేరీలో పాట సాహిత్యం మరచిపోయారు. ఆ భయంతో అనేక సంవత్సరాలు కచేరీలు చాలవరకు మానుకున్నారు.

నేను ప్రాక్టీసు చేస్తున్న రోజులలో ఒక యువగాయని వచ్చి, "డాక్టరుగారూ, మా స్నేహితురాలు కచేరీకి ముందు వేసుకుంటుందండీ, నాకూ రాసివ్వండి" అంటూ ప్రొప్రనొలాల్ పేరు చెప్పింది. ఆ మందు వణుకును తగ్గించగలదన్నది నిజమే. కాని ఆమెకు చిన్ననాటి నుండి ఉబ్బసం ఉన్నది. అటువంటివారిలో ఆ మందు శ్వాసనాళాలను సంకోచింపజేసి ప్రాణం మీదికి తేగలదు. స్నేహితురాలి వద్ద ఒక మాత్ర అడిగి వేసుకుంటుందేమోనన్న శంకతో, అరగంటసేపు కూర్చోబెట్టి వివరించాను.

మందుకు బదులుగా కొన్ని పద్ధతులు అనుకున్నాము. మొదట ఇరుగుపొరుగు ముగ్గురి ఎదుట, తరువాత గుడి మంటపంలో పదిమంది ఎదుట పాడడం. వేదిక ఎక్కేముందు నాలుగు అంకెలు లెక్కించేంతసేపు ఊపిరి పీల్చి, ఎనిమిది లెక్కించేంతసేపు నెమ్మదిగా వదలడం. దీర్ఘమైన నిశ్వాసం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నోరు ఎండకుండా గోరువెచ్చని నీటిని గుక్కలుగా త్రాగడం. నిద్రలో లేపినా పాడగల వర్ణంతో కచేరీ ఆరంభించడం. వర్ణం ముగిసేలోగా గొంతు వదులవుతుంది, తొలి ఉద్వేగమూ కొంత చల్లారుతుంది. వర్ణాన్ని ముందు పాడే మన సంప్రదాయంలో ఎంత శరీరజ్ఞానం ఇమిడి ఉన్నదో చూడండి!

ఆమెకు భయం పూర్తిగా పోలేదు. శ్రుతిపెట్టె మ్రోగగానే అరచేతులు ఇప్పటికీ చెమర్చుతాయట. అయినా పాడుతున్నది, పిలిచిన సభకు వెళుతున్నది.

మీలోగాని, మీ పిల్లలలోగాని ఈ భయం నిద్రను హరిస్తున్నా, వచ్చిన అవకాశాలను వదులుకొనేలా చేస్తున్నా మానసిక వైద్యుని సంప్రదించండి. ఒకరికి వ్రాసిన మాత్రను మరొకరు మాత్రం వేసుకొనకండి.