ఆ పాటలో అబ్బాయి ఏం చేస్తున్నాడు?

అవ్రిల్ లవీన్ పాడిన "గర్ల్‌ఫ్రెండ్" పాట మీలో చాలామంది వినే ఉంటారు. పేరు గుర్తులేకపోయినా, చప్పట్లు కొట్టినట్టుండే ఆ దరువు వింటే "ఓ, ఇదా!" అంటారు. 2007లో వచ్చింది. ఈ కెనడా అమ్మాయికి అప్పుడు 22 ఏళ్లు. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆమెను మొదటిసారి మొదటి స్థానంలో కూర్చోబెట్టిన పాట ఇదే.

ఉపోద్ఘాతం ఏమీ లేకుండా నేరుగా పల్లవితోనే మొదలవుతుంది. పంక్ గిటార్లు, మధ్యలో చీర్‌లీడర్ల కేకల్లా సాగే మాటల దరువు. లిల్ మామా అనే ర్యాపర్‌తో చేసిన రీమిక్స్‌లో అసలు ర్యాపే వచ్చి చేరింది. పల్లవిని స్పానిష్, జపనీస్, మాండరిన్ లాంటి భాషల్లో కూడా పాడారు. మా పెళ్లయిన కొత్తలో ఈ పాట పెట్టుకుని గిన్నెలు తోమితే పని ఎప్పుడైపోయేదో తెలిసేది కాదు.

ఈమధ్య మా అమ్మాయి ఫోన్లో మళ్లీ విన్నాను. అది పదో తరగతి. వాళ్ల క్లాసులో ఇద్దరు స్నేహితురాళ్లు ఒకబ్బాయి గురించి మాటలు మానేశారట. మిగతా ఆడపిల్లలంతా ఒకవైపు చేరి రెండో పిల్లను లంచ్‌కి కూడా పిలవడం లేదట. ఇది చెబుతూ మా అమ్మాయి నవ్వింది. "మరి ఆ అబ్బాయో?" అన్నాను. "వాడికేంటమ్మా, క్రికెట్ ఆడుకుంటున్నాడు" అంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని పాట వీడియో చూశాం. మినీ గోల్ఫ్ ఆడే చోట కళ్లజోడు పెట్టుకున్న ఒక ఎర్రజుట్టు అమ్మాయిని ఏడిపించి, ఆమె స్నేహితుణ్ణి లాక్కోవడమే కథ. ఏడిపించే అమ్మాయీ అవ్రిలే, ఏడిపించుకునే అమ్మాయీ అవ్రిలే! ఆ సంగతి చెప్పగానే మా అమ్మాయి వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూసింది.

సవతుల పోరు మనకేమీ కొత్త కాదు కదండీ. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు పారిజాత పుష్పం రుక్మిణికి ఇచ్చాడని సత్యభామకు ఒళ్లు మండింది. కానీ ఆమె రుక్మిణి జడ పట్టుకు లాగడానికి పోలేదు. బతిమాలడానికి వచ్చి కాళ్ల మీద పడ్డ కృష్ణుడి తలనే ఎడమకాలితో తోసింది. జవాబు చెప్పాల్సింది ఎవరో ఆవిడకు బాగా తెలుసు. అవ్రిల్ పాటలో అబ్బాయిని ఎవరూ ఏమీ అడగరు.

అలాగని పాటను ఇంట్లో నిషేధించలేదు. అంత హుషారైన పాటలు ఎన్నో రావు. ఒక ఆడపిల్ల సిగ్గుపడకుండా నాకిది కావాలి అని గొంతెత్తి చెప్పడం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఆ మాట చెప్పడానికి ఇంకో ఆడపిల్లను నవ్వులపాలు చేయాలా అన్నదొక్కటే నా ప్రశ్న.

మా అమ్మాయితో అదే అన్నాను. అది జవాబు చెప్పలేదు. మర్నాడు లంచ్ బాక్సులో మాత్రం ఇంకో రెండు చపాతీలు ఎక్కువ పెట్టమంది. ఎవరికని నేనూ అడగలేదు.