మారిషస్, ఫిజీ, మన మిర్చి చేలు

మారిషస్ బతుకు మెరుగా, ఫిజీ బతుకు మెరుగా అంటే చాలామంది సముద్రతీరాలూ జీతాలూ చూస్తారు. నా కళ్లు చేల మీదికే పోతాయి. రెండు చోట్లకూ మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికే వెళ్లారు. మారిషస్‌కు 1830ల నుంచి, కోరంగి రేవు వైపు నుంచి కూడా. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడల్లో.

మారిషస్‌లో 19వ శతాబ్దం చివర్లో పెద్ద ఎస్టేట్లు ముక్కలుగా అమ్మకానికొచ్చాయి. కూడబెట్టుకున్న కూలీలు కొనుక్కున్నారు. తర్వాత 1977 నుంచి హైస్కూలు చదువు కూడా ఉచితమైంది. ఇవాళ అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. అది చదివినప్పుడల్లా మనసు నిండుతుంది.

ఫిజీలో చాలావరకు భూమి స్థానిక తెగలది, అమ్మడానికి లేదు. అది వాళ్ల హక్కు, నేను తప్పుపట్టను. కానీ 1976 కౌలు చట్టం కిందికి వచ్చిన కౌళ్లు 1997 నుంచి ముగియసాగాయి. ఎన్నో చెరకు రైతు కుటుంబాలు తాతలు సాగుచేసిన చేను వదిలి వెళ్లాయి. దానికి తోడు 1987, 2000లలో ప్రభుత్వాలను కూల్చిన తిరుగుబాట్లు సరేసరి. చాలామంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరారు.

నా దృష్టిలో మారిషస్ బతుకే మెరుగు. కారణం కాళ్ల కింద సొంత నేల.

ఆ సొంత నేల లేని కష్టం ఇక్కడా ఉంది. మన పర్చూరు, ప్రత్తిపాడు వైపు కౌలు రైతుకు 2019 రాష్ట్ర చట్టంతో వచ్చిన సాగుదారు కార్డు గడువు 11 నెలలు. దానికీ భూయజమాని సంతకం కావాలి. సంతకం దొరకని మిర్చి కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందడం కష్టం. విత్తనానికీ మందులకీ బయట వడ్డీకి అప్పు తెస్తున్నాడు.