ఐదు నక్షత్రాల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి నాటికి కరెంటు మీటరు పుట్టలేదు. పుట్టి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తగిలించి ఉండేవాడని నా నమ్మకం. నేను ఇల్లూ కట్టాను, ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లూ చేశాను. ఆ రెంటిలోనూ పట్టని చెమట 2023 మే నెలలో జానెడు కాగితం ముక్క చూసేసరికి పట్టింది. ఆ సంగతే చెబుతాను. ఇందులో నా గొప్పేమీ లేదు. పైపెచ్చు తప్పంతా నాదే. అయినా నలుగురితో చెప్పుకుంటేనే గాని మనసు తేలికపడేలా లేదు.

మాది పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరస్వామి గోపురం కనబడేటంత దూరంలో మా తాతగారు వేసిన మండువా లోగిలి ఉండేది. పెంకులు జారి, దూలాలకు చెద పట్టి, వానాకాలం వచ్చిందంటే ఇంట్లో గిన్నెలన్నీ కురిసేచోటల్లా పరచవలసిన స్థితికి వచ్చింది. నేను హైస్కూల్లో ముప్ఫైమూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. చేతికొచ్చిన డబ్బు పెట్టి, పాతది పడగొట్టించి, ఆ స్థలంలోనే కొత్త ఇల్లు వేశాను. మా అమ్మకు ఎనభైరెండేళ్లు. పడగొట్టేరోజున పక్కింటి అరుగు మీద కూచుని, ఆఖరి దూలం దిగేదాకా చూసి, "పోనీలే నాయనా, నువ్వు సుఖపడితే అదే పదివేలు" అంది. అంతే. మరి మాట్లాడలేదు.

ఇల్లు కట్టిన ఇంజనీరు కుర్రవాడు మహా ఉత్సాహవంతుడు. "మాస్టారండీ, ఇది కరెంటు తినని ఇల్లండీ" అన్నాడు. గోడలకు ఇటుక బదులు లోపల గాలిబుడగలుండే తేలిక దిమ్మలు. డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పలకలు. కిటికీలకు రెండు పొరల అద్దాలు, వాటి చుట్టూ చీమ కూడా దూరకుండా రబ్బరు అంచులు. కేంద్రప్రభుత్వం 2018లో ఇళ్లకోసమని ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చిందనీ, గోడల్లోంచీ కిటికీల్లోంచీ ఇంట్లోకి వచ్చే వేడికి అందులో ఒక హద్దు గీశారనీ, మన ఇల్లు ఆ హద్దుకు బాగా లోపలే ఉందనీ లెక్కగట్టి చూపించాడు. లెక్క తప్పేమో అని నేనూ ఒకసారి సరిచూశాను. తప్పలేదు.

ఇహ సామాన్ల సంగతి. దీపాలన్నీ ఎల్‌ఈడీలే. ఫాన్లు కొత్తరకంవి. పాతకాలపు ఫాను 75 వాట్లు తింటే ఇవి 28తో సరిపెట్టుకుంటాయి, లోపల శాశ్వత అయస్కాంతాలుండే మోటారట. ఏసీలు రెండు, ఫ్రిజ్జు ఒకటి, అన్నీ ఐదు నక్షత్రాల చీటీ అంటించినవే. మా ఆవిడ ఒకరోజు తీరిగ్గా ఆ నక్షత్రాలన్నీ లెక్కపెట్టింది. ఏసీలకు పది, ఫ్రిజ్జుకు ఐదు, ఐదు ఫాన్లకు ఇరవైఐదు. "ఏవండోయ్, పంచాంగానికే ఇరవైయేడు నక్షత్రాలు, మనకు నలభై!" అంది. మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. వచ్చిన బంధువులందరికీ గది గదీ తిప్పి చూపించాను. ఆ చూపించడంలో ఉన్న సుఖం, ఆ తరవాత కాపరంలో లేదు సుమండీ.

మే నెల బిల్లొచ్చింది. పాత ఇంట్లో ఎండాకాలం ఎంత కాలినా 180 యూనిట్లు దాటేది కాదు. ఇప్పుడు 520. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 520 యూనిట్లే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మన రాష్ట్రంలో 2022-23 సంవత్సరానికి ఖరారైన ధరలు మెట్లమాదిరి ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ ఒక్కింటికి రూపాయి తొంభై పైసలు, ఆపైన 75 దాకా మూడు రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు, 400 దాకా ఎనిమిది డెబ్భై అయిదు, అది దాటితే తొమ్మిది డెబ్భై అయిదు. మెట్టెక్కినకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుందన్నమాట. ఈ లెక్కన 180 యూనిట్లకు 747 రూపాయలు, 520 యూనిట్లకు 3,718 రూపాయలు. యూనిట్లు మూడు రెట్లు కూడా కాలేదు గాని డబ్బు అయిదు రెట్లయింది. స్థిర చార్జీలూ, సర్దుబాటు చార్జీలూ వీటికి పైన. పింఛనుతో బతికేవాడికి ఇది తమాషా కాదు.

వీధిలో తలా ఒక మాట చెప్పారు. మీటరు పరుగెడుతోందన్నారు. పక్కవాళ్లెవరో మన తీగకు తగిలించుకున్నారన్నారు. వాస్తు చూపించమన్నవారూ ఉన్నారు. నేను అర్జీ పెడితే మనిషి వచ్చి, వేరే మీటరు జోడించి చూసి, "మీటరు సుబ్బరంగా ఉందండి, వాడకమే" అని చెప్పి వెళ్లిపోయాడు. మీటరు తప్పు కాదు. ఇల్లు తప్పు కావడానికి వీల్లేదు, దానికి నలభై నక్షత్రాలున్నాయి. మరి తప్పెవరిది? నా కన్ను వసారా మీద పడింది.

అమ్మకు ఏసీ గది గిట్టదు. మూసేసిన పెట్టెలో పడుకున్నట్టుంటుందంటుంది. వసారాలో నవారు మంచం వేసుకుని అక్కడే ఉంటుంది. నెత్తిమీద ఫాను రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటుంది. "అమ్మా, ఇరవైనాలుగు గంటలూ ఆ ఫాను అల్లా తిరుగుతుంటే బిల్లు రాక ఏం చేస్తుంది చెప్పు?" అన్నాను. గట్టిగానే అన్నాను. మా పెద్దమ్మాయి పిల్లలు సెలవలకు వచ్చి ఉన్నారు. వాళ్ల ఎదటే అన్నాను.

అమ్మ ఒక్క క్షణం పైకి ఫాను కేసి చూసింది. "సరే నాయనా" అంది. కాసేపాగి, "రాత్రిళ్లు ఆ నీళ్ల మోటారు ఊరికే మోగుతోందిరా అబ్బాయ్. దాని సంగతి కూడా కాస్త చూడు" అంది.

"అది ఆటోమేటిక్ అమ్మా. ఎప్పుడు తిరగాలో దానికి తెలుసు" అన్నాను.

గోదావరి డెల్టాలో వేసవి ఎల్లాంటిదో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కర్లేదు. ఎండ ఒక ఎత్తు, ఉక్క పది ఎత్తులు. చుట్టూ కాలవలు, చెరువులు, చేలు. గాలి నిండా తడే. ఒంటి చెమట గాలికి ఆరితేనే ఒళ్లు చల్లబడేది. గాలే తడిగా ఉంటే చెమట ఆరదు. అప్పుడు ఫాను ఒకటే దిక్కు. అల్లాంటి రాత్రులు నాలుగు, ఆమె ఫాను కట్టేసుకుని, తాటాకు విసనకర్రతో గడిపింది. మాకెవరికీ తెలియదు. మేము తలుపులు బిగించుకుని, ఏసీ పద్ధెనిమిది మీద పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

అయిదోనాటి తెల్లవారుఝామున మంచినీళ్లకని లేచిన మా ఆవిడ కేక వేసింది. అమ్మ మంచం పక్కన సొమ్మసిల్లి పడి ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోయాయనీ, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదనీ చెప్పి సెలైన్ ఎక్కించారు. మూడోనాటికి ఇంటికి తెచ్చుకున్నాం. పక్క దులుపుతూ మా ఆవిడ విసనకర్ర తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండును.

ఆ రాత్రి నేను అమ్మ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాను. ఫాను వేశాను. పదకొండు దాటాక మోటారు మోగింది. ఇరవై నిమిషాలు మోగి ఆగింది. పన్నెండున్నరకు మళ్లీ మోగింది. రెండు దాటాక మళ్లీ. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. ఒక్క కుళాయి తిప్పినవాడు లేడు. మరి డాబా మీది తొట్టిలో నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

తెల్లారాక గడియారం, కాగితం, పెన్సిలు పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. ముప్ఫైమూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడు బిల్లొచ్చిన రోజునే చెయ్యవలసిన పని అది. మీటరుకు చిన్న ఎర్రదీపం ఉంటుంది, కరెంటు కాలినకొద్దీ మినుక్కుమంటూ ఉంటుంది. మా మీటరు మీద 3200 అని రాసుంది. అంటే అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఒక యూనిటంటే వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడవడం. ఇంట్లో అన్నీ కట్టేసి, ఒక్క వసారా ఫాను మాత్రం వేశాను. నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు. ఫాను ఆపి మోటారు వేశాను. నిమిషానికి యాభై అయిదు!

కుర్చీలో కూలబడ్డాను. అమ్మ ఫాను రాత్రి పది గంటలు తిరిగితే పావు యూనిట్ పైచిలుకు. అతి ఖరీదైన మెట్టు మీద కట్టినా మూడు రూపాయలకు లోపు. ఆ మూడు రూపాయల కోసం నేను కన్నతల్లిని పిల్లల ఎదట మాట అన్నాను.

కుళాయి పనివాణ్ణి పిలిపించాను. అతను సంపులోకి ఒక్కసారి తొంగి చూసి నవ్వాడు. "ఫుట్‌వాల్వు మూసుకోటం లేదండి ఆయ్. పైకెక్కిన నీళ్లు పైపులోంచి మళ్లీ సంపులోకే దిగిపోతున్నాయండి. తొట్టి తగ్గగానే మోటారు లేస్తోందండి" అన్నాడు. అంటే మూడు నెలలుగా మా ఇంట్లో అవే నీళ్లు డాబా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం! రోజుకు అయిదేసి గంటలు ఈ ప్రదక్షిణాలు. నెలకు నూటయాభై యూనిట్లు. ఒక్క చుక్క నేల మీద పడలేదు గనక ఎవరికీ తెలియలేదు. తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె మాట నేను వినలేదు. పనివాడికి దిబ్బరొట్టె పెట్టించి, అడిగినదానికన్న పది రూపాయలు ఎక్కువిచ్చి పంపాను.

తక్కినది ఏసీల పాపం. నిజానికి వాటిది కాదు, నాదే. ఐదు నక్షత్రాల చీటీ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని వేస్తారే, అది ఏడాదిలో 1600 గంటలు వాడితే అయ్యే లెక్క. రోజుకు నాలుగున్నర గంటలు కూడా కాదు. మేము రెండు ఏసీలనూ పదేసి గంటలు వాయించాం. 2020 నుంచి నక్షత్రాలున్న ఏసీలు మొదట వేసినప్పుడు 24 డిగ్రీల మీదే నిలవాలని నియమం పెట్టారు. నేను పనిగట్టుకుని 18కి దించాను. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు నూటికి ఆరు వంతులు కరెంటు కలిసొస్తుందట. పైగా కొత్త ఇంటి గోడల్లో, పూతల్లో కలిపిన నీళ్లు పూర్తిగా ఆరడానికి ఏడాది దాకా పడుతుంది. అప్పుడే కట్టిన ఇంటికి కిటికీలు బిగించి ఏసీ వేస్తే, అది గదిని చల్లబరచడమే కాదు, గోడల తడి కూడా పిండుతూ కూచుంటుంది. మండువాలో వేడిగాలి పైకి పోయేది, వీధిగాలి లోపలికి వచ్చేది. దానికి యంత్రమూ లేదు, నక్షత్రమూ లేదు.

అసలు జబ్బు ఇంకొకటుంది. 1865లో జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బొగ్గు గురించి పుస్తకం రాశాడు. ఆవిరియంత్రం మెరుగై తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేస్తుంటే, దేశంలో బొగ్గు ఖర్చు తగ్గడానికి బదులు పెరుగుతోందని అందులో చూపించాడు. చవగ్గా వచ్చేదాన్ని మనిషి ఎక్కువ వాడతాడు మరి. పాత ఇంట్లో ఏసీయే లేదు. కొత్త ఇల్లు కరెంటు తినదు కదా అని రెండు పెట్టించాను, పొదుపైనవి కదా అని తెల్లవార్లూ వేశాను. ఇంజనీరు లెక్క తప్పలేదు. నేను తప్పాను.

ఫుట్‌వాల్వు మార్చాం. పొద్దున్నా సాయంత్రం కిటికీలు బార్లా తీస్తున్నాం. ఏసీ ఒకటే, 26 మీద, అదీ పడుకునే ముందు కాసేపు. జూలై బిల్లు 240 యూనిట్లొచ్చింది, పదకొండువందల నలభై ఎనిమిది రూపాయలు. వానలూ కాస్త సాయం చేశాయనుకోండి.

బిల్లు దారికొచ్చింది గాని ఒకటి మాత్రం రాలేదు. వసారా ఫాను స్విచ్చి అమ్మ చేతికందేటట్టు మంచం పక్కకే మార్పించాను. ఆ ఫాను ఖర్చెంతో కాగితం మీద రాసి చూపించాను. నా చెంపలు నేనే వేసుకున్నాను. అమ్మ నవ్వి, "అదేమిట్రా, నేనెప్పుడో మరిచిపోయాను" అంది.

కాని ఇప్పటికీ దీపాలవేళ మంచమ్మీద కూచుని, స్విచ్చి మీద చెయ్యి వేసి, లోపలికి చూసి అడుగుతుంది.

"నాయనా, కాసేపు ఫాను వేసుకోనా?"

రోజూ వెయ్యమనే చెబుతాను. రోజూ అడుగుతూనే ఉంది.