చెవి కారితే ఏమైతదిలే అనుకున్నాను

మా వైపు చెవి కారడాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కెయ్యరు. జ్వరమొస్తే ఆరెంపీ దగ్గరికి పోతారు, కాలు విరిగితే పట్నం పోతారు, చెవి కారితే మాత్రం నూనె కాచి పోస్తారు. నేను నల్లగొండ జిల్లాలో దేవరకొండ, మర్రిగూడ వైపు పల్లెల్లో పంతులుగా పనిచేశాను. ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం కాబట్టి పిల్లల పళ్లు చూడటం మాకు అలవాటు. నోరు తెరవమనేవాళ్లం, గోధుమరంగు చారలు కనపడితే పేరు రాసుకునేవాళ్లం. ఆ నోటికి బెత్తెడు దూరంలో ఉన్న చెవి మీద మాత్రం మా దృష్టి పడేది కాదు. ఒక పిల్లవాడి విషయంలో పడింది గానీ, అది ఇంకా అన్యాయం.

వాడు ఐదో తరగతి. అమ్మానాయినలు ఏటా మిరపకాయలు ఏరడానికి గుంటూరు వైపు పోయేవాళ్లు, వీడు నాయనమ్మ దగ్గర ఉండేవాడు. కుడి చెవిలో ఎప్పుడు చూసినా దూది ఉండ, దాని అంచు పసుపుపచ్చగా, నూనె జిడ్డుతో ఉండేది. దగ్గరికొస్తే కుళ్లు వాసన. పక్క పిల్లలు ముక్కు మూసుకుంటున్నారని, గొడవెందుకని, నేనే వాణ్ని చివరి వరుసలో కిటికీ పక్కకు మార్చాను. అసలే సగం వినపడే పిల్లవాణ్ని నా గొంతుకు అందనంత దూరంలో కూర్చోబెట్టి, పిలిస్తే పలకడని తిట్టేవాణ్ని. డిక్టేషన్లో ‘పలక’ అంటే ‘చిలక’ అని రాసేవాడు. ధ్యాస లేదని చెవి మెలిపెట్టాను. కారే చెవి కాదు, రెండోది. అంటే ఆ చెవి బాగాలేదని నాకు తెలుసన్నమాట! తెలిసీ, వాడికి వినపడకపోవచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఒకసారి వాళ్లింటి ముందు నుంచి పోతుంటే నాయనమ్మ ఆపింది. “వానికి పాలు తాగేనాటి సంది కారుతది సార్. ఎల్లిపాయ నూనె పోస్తున్న. పెద్దగైతే గదే పోతదంటరు” అంది. ఆమెకు చదువు లేదు, నాకుంది. ఆస్పత్రిలో చూపించమని నేను చెప్పాలి కదా! “తుమ్మి ఆకు పసరు కూడా పనిచేస్తదట అవ్వా” అని, నాకు తెలిసిన వైద్యం కూడా ఒకటి జోడించి వచ్చాను.

నూనెకు ఇంత పేరెలా వచ్చిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు చదునుగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు ముక్కులోని క్రిములు ఆ దారినే మధ్య చెవిలోకి చేరతాయి. అక్కడ చీము పట్టి కర్ణభేరిని ఒత్తుతుంటే బిడ్డ రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడుతుంది. చీము బయటికి రాగానే నొప్పి తగ్గి బిడ్డ నిద్రపోతుంది. సరిగ్గా అంతకుముందే అమ్మమ్మ నూనె పోసి ఉంటుంది! నొప్పి తగ్గింది చిల్లు పడినందుకు, పేరొచ్చింది నూనెకు. చాలామంది పిల్లల్లో ఆ చిల్లు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుపోతుంది కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిపడుతుంది. పూడని పిల్లల సంగతి ఎవరూ చెప్పుకోరు.

పూడని చెవి జలుబు చేసినప్పుడల్లా, నీళ్లు పోయినప్పుడల్లా కారుతుంది. ఎండాకాలం వచ్చిందంటే మా పిల్లలు పొద్దుగూకేదాకా వ్యవసాయ బావుల్లోనే ఉంటారు. బడి తెరిచే నాటికి తరగతికి ఒకరిద్దరు దూది పెట్టుకుని వచ్చేది అందుకే. ఇలా కారే చెవుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, కర్ణభేరి మధ్యలో చిల్లు. ఎక్కువగా, తీగలు సాగుతూ కారుతుంది, వాసన పెద్దగా ఉండదు. వినికిడి తగ్గుతుంది గానీ ప్రాణానికి ముప్పు అరుదు. రెండోది మోసకారి. కారేది కొంచెమే, వాసన మాత్రం భరించలేం. ఇందులో కర్ణభేరి అంచు దగ్గర చర్మం లోపలికి ముడుచుకుపోయి, అక్కడే పేరుకుంటూ పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. కొలెస్టియటోమా అంటారు. చెవి పైకప్పు ఎముక అవతలే మెదడు ఉంది. మధ్య చెవిలోంచే, పల్చని ఎముక గొట్టంలో, మొహాన్ని కదిలించే నరం పోతుంది.

వాడిది రెండో రకం. నేను చివరి వరుసకు పంపేసిన ఆ వాసనే జబ్బు గుర్తు.

మధ్యాహ్న భోజనం దగ్గర తెలిసింది. తింటుంటే పప్పు నోటి కుడి పక్క నుంచి కారిపోతోంది. పిల్లలు నవ్వుతున్నారు, వాడూ నవ్వాడు. ఎడమ బుగ్గ ఒక్కటే నవ్వింది. కళ్లు మూసుకోమంటే కుడి కన్ను మూతపడలేదు, తెల్లగుడ్డు కనపడుతూనే ఉంది. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. ఆ ఒక్కరోజు మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. దేవరకొండ నుంచి నల్లగొండ, అక్కడి నుంచి హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి. సూక్ష్మదర్శినిలో చూసి, స్కానింగ్ తీసి, చెవి వెనక ఎముక తొలిచి జబ్బంతా తీసెయ్యాలన్నారు. మాస్టాయిడ్ ఆపరేషన్. చెవి ఆరింది. నెలల మీద మొహం చాలావరకు సరిగ్గా వచ్చింది. ఆ చెవిలో వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

డబ్బుల్లేక చూపించలేదనుకోవడానికీ లేదు. పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఆ తర్వాత మా జిల్లాకూ వచ్చింది. వాళ్లింట్లో తెల్లకార్డు ఉంది. అది జబ్బని చెప్పే మనిషి లేడు, అంతే.

మామూలు రకం చెవికి వైద్యం ఏమంత కష్టం కాదని కోఠి ఆస్పత్రిలో కూర్చున్న రోజుల్లో నేర్చుకున్నాను. అందులో ముఖ్యమైంది మందు కూడా కాదు, ఆరబెట్టడం. శుభ్రమైన దూదిని వత్తిగా చేసి చెవిలో మెల్లగా పెట్టి, చీము పీల్చుకున్నాక తీసి, ఇంకో వత్తి. పొడిగా వచ్చేదాకా అలా చేసి, అప్పుడు డాక్టరు రాసిన చుక్కలు. చీము మీద చుక్కలు వేస్తే లోపలికి పోవు, పైనే తేలతాయి. మందుల షాపులో ఏదో ఒక చెవి చుక్కలు అడిగి తేవడం ఇంకో తప్పు. చిల్లున్న చెవిలో సిప్రోఫ్లాక్సాసిన్ రకం చుక్కలు వాడతారు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి లోపలి చెవిలోకి దిగితే వినికిడికే చేటు. స్నానం చేసేటప్పుడు వాజిలిన్ రాసిన దూది పెట్టాలి, బావిలో ఈత మానాలి. చెవి ఆరాక కూడా చిల్లు మిగిలితే, చెవి పైన కండరం మీది పల్చని పొర తీసి అతికిస్తారు. దాంతో చాలామందికి వినికిడి కూడా మెరుగవుతుంది.

నూనెకు కూడా న్యాయం చెయ్యాలి. చెవిలోకి పురుగు దూరి గిరగిరా కొట్టుకుంటుంటే, చిల్లు లేని చెవిలో గోరువెచ్చని నూనె చుక్కలు వేస్తే చచ్చిపోతుంది, ఆ తర్వాత డాక్టరు తీస్తారు. అదొక్కచోట మన పెద్దలు రైటే. గింజ దూరితే మాత్రం ఏదీ పొయ్యొద్దు. ఒకటో తరగతి పిల్ల చెవిలో శనగగింజ పెట్టుకుంటే బయటికొస్తుందని నేను నీళ్లు పోయించాను. గింజ నానింది, ఉబ్బింది. చిటికెలో తీయాల్సినదాన్ని మత్తు ఇచ్చి తీయాల్సి వచ్చింది. గడియారం బ్యాటరీ లాంటి బిళ్ల ముక్కులోనో చెవిలోనో ఇరుక్కుంటే అదింకా ప్రమాదం, గంటల్లోనే కండను కాల్చేస్తుంది. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

ఇంత జరిగాక నాకు బుద్ధి రావాలి కదా. ఇతరుల చెవుల దగ్గర వచ్చింది గానీ నా ముక్కు దగ్గర రాలేదు. మిర్యాలగూడ దగ్గరికి బదిలీ అయ్యాక వరికోతల సీజన్‌లో, రైస్‌మిల్లుల ఊక దుమ్ముకు తుమ్ములు, ముక్కు దిబ్బడ పట్టుకున్నాయి. షాపతను జైలోమెటాజోలిన్ చుక్కలిచ్చాడు. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది. అద్భుతం! చొక్కా జేబులో పెన్నుతోపాటు ఆ సీసా కూడా చేరింది. మొదట రాత్రిపూట ఒక్కసారి, తర్వాత పీరియడ్‌కి ఒకసారి. ఆ చుక్కలు ముక్కులోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, ప్రభావం తగ్గగానే అవి మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. ఐదు రోజులు, మహా అయితే వారం దాటి వాడితే మందే జబ్బవుతుంది. సీసా మీద ఆ సంగతి రాసే ఉంది. పిల్లలకు చదువు చెప్పేవాణ్ని, చదవలేదు.

డాక్టరు ఆ సీసా మాన్పించి స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం చెప్పారు. స్టెరాయిడ్ అన్నమాటకే భయపడ్డాను. ముక్కులో కొట్టే ఆ కొద్ది మోతాదు ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. ఇది వెంటనే పనిచెయ్యదు, కొన్ని రోజులు వరసగా వాడాలి. రెండు నిమిషాల సుఖానికి అలవాటుపడ్డవాడికి అదే కష్టం. స్ప్రే ముక్కు మధ్య గోడ మీదికి కొట్టి నెత్తురు తెప్పించుకున్నాను కూడా. కుడి ముక్కుకు ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకు కుడి చెయ్యి వాడితే మందు బయటి గోడ వైపు పోతుంది. 

నెత్తురంటే గుర్తొచ్చింది. ఏప్రిల్ ఎండలకు ప్రార్థనలో నిలబడ్డ పిల్లలకు ముక్కు నుంచి రక్తం కారితే మేమంతా తల వెనక్కి వంచి, మాడు మీద నీళ్లు కుమ్మరించేవాళ్లం. రక్తం గొంతులోకి పోయి పిల్లలు వాంతి చేసుకునేవాళ్లు. చెయ్యాల్సింది దానికి ఎదురు: కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాలి, నోటితో ఊపిరి తీసుకోమనాలి. మధ్యమధ్య వదిలి ‘ఆగిందా’ అని చూడకూడదు.

గొంతు గురించి ఎక్కువ చెప్పను. పంతుళ్లకు గొంతు బొంగురుపోవడం మామూలే, అరిచి చెప్పే అలవాటుకు స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. విశ్రాంతితో, మాట్లాడే పద్ధతి మార్చుకుంటే తగ్గుతాయి. కానీ మూడు వారాలు దాటిన బొంగురును, అందులోనూ బీడీ, గుట్కా అలవాటున్నవాళ్లు, పంతులు గొంతే కదా అని వదిలెయ్యకూడదు. అది క్యాన్సర్ మొదటి గుర్తు కావచ్చు, మొదట్లో దొరికితే బాగా నయమయ్యే క్యాన్సర్. అలాగే తెల్లారి లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గులిమి అడ్డుపడిందిలే అని పిన్నీసు తీయకండి. నరం దెబ్బతిని ఉంటే మొదటి కొద్ది రోజుల్లో ఇచ్చే స్టెరాయిడ్ మందే ఆశ. రెండు వారాలు దాటాక పోతే డాక్టరు చేయగలిగింది తక్కువ.

2021 మేలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి పేరు రోజూ పేపర్లో కనపడేది. తెలంగాణలో ఆ రోగులకు అదే ప్రధాన కేంద్రం. షుగర్ ఉండి, కరోనాకు స్టెరాయిడ్లు వాడినవాళ్లు ముక్కు దిబ్బడను జలుబే అనుకుని ఆగినంతసేపట్లో అది కంటిదాకా పోయేది. ముక్కు, చెవి చిన్న అవయవాలు కాబట్టి వాటి జబ్బులూ చిన్నవే అనుకోవడం నా ఒక్కడి రోగం కాదని అప్పుడనిపించింది.

ఇప్పుడు మా పిల్లలు అన్నిటికీ కోఠి దాకా పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బడికే వస్తుంది. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో చెవి కారడం, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. మా బడికి వాళ్లొచ్చిన మొదటి ఏడు బరువు, ఎత్తు కొలిపించి టీ తాగించి పంపేశాం. తర్వాతి ఏడు నుంచి నేనే జాబితా రాసి ఉంచాను: దూది పెట్టుకునేవాళ్లు, నోరు తెరిచి నిద్రపోయేవాళ్లు, పిలిస్తే రెండోసారి గానీ తిరగనివాళ్లు, పలికించి రాయిస్తే ఒకటి చెబితే ఒకటి రాసేవాళ్లు.

బడి తెరవగానే ఆ జాబితా మీరూ రాయండి పంతుళ్లూ. చెవి కారే పిల్లను మొదటి వరుసలో, వినపడే చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. వాసన వస్తే ఆ వారంలోనే పెద్దాస్పత్రికి పంపండి. తల్లిదండ్రులు ఊళ్లో లేకపోతే మీరే వెంటబెట్టుకుని పోండి.