కారుకు నాడి చూసే పెట్టె

బందరు గాలిలో ఉప్పు ఉంటుందని ఇక్కడ కాపురముండేవారికి వేరే చెప్పనక్కరలేదు. గేటు ఊచలు గానీ, సైకిలు గొలుసు గానీ పట్టుమని రెండేళ్లు నిగనిగలాడవు. ఇలాంటి ఊళ్లో పాత కారును పెట్టుకోవడమంటే, మాటిమాటికీ జబ్బుపడే చుట్టాన్ని ఇంట్లో పెట్టుకోవడమే. అయినా మాకు తప్పలేదు. దివిసీమలో, నాగాయలంకలో ఉన్న మా అత్తగారిని నెలకోమారు బందరు తీసుకువచ్చి వైద్యుడికి చూపించాలి. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషిని బస్సులో నిలబెట్టి తీసుకురాలేం కదా!

మా కారు 2013లో హైదరాబాదులో ఎవరో కొన్నది. మా చేతికి వచ్చేసరికి దానికి పదేళ్లు నిండాయి. మొన్న వేసవిలో స్టీరింగు ముందు, ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. వెలిగినది మరి ఆరలేదు. ఊళ్లో ఒక మెకానిక్కు ఇంజను చప్పుడు కాసేపు విని, "ఆక్సిజన్ సెన్సారు పోయిందండీ, మార్చెయ్యాలి" అన్నాడు. అతను చెప్పిన మొత్తం మా ఇంటి నెల సరుకులకు తక్కువ కాదు.

"పోయిందని ఎలా తెలిసింది బాబూ?" అని అడిగింది మా ఆవిడ.

"అనుభవం అమ్మగారూ!"

ఆ జవాబు ఆవిడకు రుచించలేదు. ఇంటికి వచ్చాక, "నాడి చూడకుండా మందేమిటండీ? ఆ చూసే పెట్టేదో మనమే కొనుక్కుందాం" అంది. ఆ పెట్టెనే స్కానరంటారు.

కొనేముందు ఒకసారి చూద్దామని ఆదివారంనాడు గుడివాడలో ఉన్న మిత్రుని ఇంటికి బయలుదేరాం. పెడన కలంకారీ అద్దకాలు, గుడ్లవల్లేరు పంట కాలువలు చూసుకుంటూ పోతే దారి తెలియనే తెలియదు. మిత్రుడు ఐదారు వందలకు చిన్న డబ్బీ ఒకటి తెప్పించుకున్నాడు. దానిని కారుకు తగిలిస్తే సంగతులన్నీ సెల్‌ఫోనులో కనబడాలి. కాని 2006 నాటి ఆయన కారులో పెడితే అది ఉలకదు, పలకదు. అదే డబ్బీని మా కారులో, స్టీరింగు కిందనున్న పదహారు రంధ్రాల సాకెట్టులో పెట్టగానే గలగలా మాట్లాడింది!

ఇందులో మాయేమీ లేదు. అన్ని కార్లకూ ఒకే భాష ఉండాలన్న నియమం అమెరికాలో 1996 మోడళ్లతో వచ్చింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 నిబంధనలతో తొలి మెట్టు, 2013 ఏప్రిల్‌లో రెండో మెట్టు వచ్చాయి. అవైనా మొదట పదమూడు పెద్ద నగరాలకే. హైదరాబాదు ఆ జాబితాలో ఉంది. దేశమంతటికీ ఆ నిబంధనలు వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కనుక అంతకు ముందు కార్లలో సాకెట్టు ఉన్నంతమాత్రాన సాధారణ స్కానరుకు జవాబు వస్తుందని నమ్మకం లేదు. ఎరువు తెచ్చయినా సరే, ఒకసారి పెట్టి చూశాకే కొనాలి.

మా కారు పలికిన మాట "పి 0135". తెలుగు పంతుల్ని కనుక దానికీ ఒక వ్యాకరణం ఉందని తెలిసి ముచ్చటపడ్డాను. 'పి' అంటే ఇంజను, గేర్ల విభాగం. తరువాత సున్న ఉంటే అన్ని కంపెనీలకూ చెల్లే తత్సమం. ఒకటి ఉంటే ఆ కంపెనీవారికే తెలిసే దేశ్యం. 0135 అంటే ఆక్సిజన్ సెన్సారును వేడిచేసే కరెంటు దారిలో లోపమని అర్థం. గమనించండి, సెన్సారు పోయిందని కాదు, దాని దారిలో లోపమని. ఆ దారిలో సెన్సారుతో పాటు తీగ ఉంది, ఫ్యూజు ఉంది, తీగలు కలిసే ప్లగ్గు ఉంది.

గుడివాడలోనే ఒక కార్ల ఎలక్ట్రీషియను ఆ ప్లగ్గు ఊడదీసి చూపించాడు. లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. అది బందరు గాలి చేసిన పనే! శుభ్రం చేసి బిగించి, కోడు చెరిపేశాడు. కోడు చెరిపినంత మాత్రాన రోగం కుదరదు, దీపం ఆరుతుంది అంతే. కుదిరిందో లేదో దారే చెప్పాలి.

ఆ వారమే ఇంటికొక స్కానరు కొన్నాం. ఫోనుతో పనిచేసే డబ్బీలలో నకిలీలు కొల్లలు. కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్పుకు అవి నకళ్లు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. పెట్టెల మీద '1.5' అని అచ్చువేసి అమ్ముతారు గాని, ఆ కంపెనీ 1.5 అన్నది చెయ్యనే లేదు. మా చిలకలపూడి రోల్డుగోల్డు నయం, తాను బంగారాన్నని అబద్ధమాడదు! మేము మాత్రం ఫోను అవసరం లేకుండా, తీగతో తగిలించి తన తెర మీదే చూపే రకం తీసుకున్నాం. ధర కొంచెం ఎక్కువే, కాని దారిలో మా ఆవిడైనా చూసుకోగలదు. చవక రకాలు చాలావరకు ఇంజను సంగతే చెబుతాయి. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల సంగతి వాటికి పట్టదు.

తరువాతి నెల చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోయి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి దివిసీమలో అడుగుపెట్టాం. నాగాయలంకలో స్కానరు పెట్టి చూస్తే కోడు ఏదీ లేదు. అరుగు మీద కూర్చున్న అత్తగారు, "ఏమిటి నాయనా అది?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "1977 ఉప్పెననాడు మాకిలా ముందుగా గట్టిగా చెప్పినవారు ఉంటే ఎంత బాగుండేది!" అన్నారు. ఆ నవంబరు 19న ఈ సీమ పోగొట్టుకున్న ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. మాకు మాట రాలేదు.

పాత కారున్న పాఠకులకు ఒక్క మాట. దీపం నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని నాడి చూపించండి. మిణుకుమిణుకుమంటే ఇంజను సరిగా మండడం లేదన్నమాట, వెంటనే పక్కకు తీసి ఆపండి. హెచ్చరికను పెడచెవిని పెట్టవద్దు. అలాగని హెచ్చరిక వినగానే సామాను కొనడానికి పరుగెత్తనూ వద్దు. ఏ దారిలో వెతకాలో చెప్పడం స్కానరు పని. వెతకడం మన పని.