ఉప్పునీటికి ఎర

ఎమ్మిగనూరులో పుట్టి పెరిగినవానికి సముద్రపు చేపను గూర్చి వ్రాయుటకు ఏమి అధికారమని చదువరులు అడుగవచ్చును. ఏమియు లేదు. ఆదోని ప్రత్తి, మా యూరి మగ్గము, వాన కొరకు ఆకాశము చూచుట, ఇవే మాకు తెలిసినవి. అయినను ఉత్తరమున తుంగభద్ర యున్నది గనుక చిన్ననాటనుండి గాలము వేయుట నాకు అలవాటు.

ఎర సంగతి మా నాయన నేర్పెను. జెల్లకు వానపాము, కొరమీనుకు చిన్న కప్ప, బొచ్చెకు తవుడు కలిపిన పిండి ఉండ. “నీకు ఇష్టమైంది కాదురా, దానికి ఇష్టమైంది గుచ్చల్ల” అనెడివాడు. ఈ మాటను నేను ఏటియొద్ద తప్పక పాటించితిని. ఇంటిలో పాటింపలేదు.

1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమునకు మా నాయన నేసెను, నేనును నేసితిని. నా కుమారుడు మగ్గము విడిచి బందరు పోయి, రొయ్యల చెరువుల పనిలో చేరెను. అక్కడనే మాతో చెప్పకుండ వివాహము చేసికొనెను. నేను ఫోను చేసిన ప్రతిసారియు, అన్నము తింటివా యని అడిగిన వెంటనే మందలింపు మొదలుపెట్టుచుంటిని. కొన్నాళ్లకు అతడు ఫోను ఎత్తుట మానెను.

రెండు సంవత్సరములు గడచెను. నా భార్య పోరు పడలేక పోయిన క్రిస్మసు తరువాత ఒంటరిగా బయలుదేరితిని. మాటలు లేకపోయినను గాలమైన ఉండునని తలంచి, స్నానాల గది వెనుకనున్న తడి మట్టిని త్రవ్వి, ఒక డబ్బానిండ వానపాములను తీసికొని పోతిని. మా తుంగభద్ర సంగమేశ్వరమునొద్ద కృష్ణలో కలియును, ఆ కృష్ణ హంసలదీవి వైపున సముద్రములో పడును. నీరు మాదే గదా, ఎరయు మాదే చాలునని నా లెక్క.

మరునాడు ఇద్దరమును ఉప్పుటేటి గట్టునకు పోతిమి. నేను వానపామును గ్రుచ్చి వేసితిని. అరగంటకు తీసి చూడగా అది తెల్లబడి మెత్తనైపోయెను. తోకను చిన్న పీతలు కొరికి యుండెను. నా కుమారుడు అంతవరకు తన గాలమునకు ఏమియు కట్టలేదు. ఊరక నీళ్లు చూచుచుండెను.

“నాయనా, ఇది మన ఏరు కాదు” అని తన పెట్టె తెరచెను. రబ్బరు రొయ్యలు, రంగు వేసిన కొయ్య చేపలు, తళతళలాడు లోహపు రేకులు. వీటిని లూరులందురట. తినదగినది ఒక్కటియు లేదు. వంజరమునకైతే తేట నీటిలో మెరయు రేకును వేగముగా లాగవలెను. దాని పండ్లు దారమును కోయును గనుక ముందు ఉక్కు తీగ కట్టవలెను. ఇక్కడి నీరు బురద. మెరుపు కనబడదు. కావున నీటిని కొట్టు వెడల్పు తోకగల రబ్బరు చేపను, ముదురు రంగుదానిని ఏరెను. ఆ పూట గట్టువెంట పోవుచున్న చేపపిల్లలు వ్రేలెడు పొడవున్నవి గనుక అదియు వ్రేలెడుదే. పాటు తీయునప్పుడు చిన్న కాలువల నోటియొద్ద పండుగప్ప కాచుకొని యుండునని చెప్పి, గాలపు కర్రను నా చేతికిచ్చెను.

“మెల్లగా. ఆపి ఆపి లాగు.”

నేను ఎప్పుడు ఆపినవాడను! మూడవసారి చేప తగిలెను. నేను తొందరపడి గుంజితిని. అది నీటిపైకెగిరి, తల విదిలించి, గాలమును వదలించుకొని పోయెను.

సిగ్గును కప్పుకొనుటకు కాబోలు, నేను ఇట్లంటిని: “వానపామైతే నిజమైన తిండి. ఇది వట్టి మోసము గదా?”

అతడు నవ్వెను. “నీ వానపాములో ముల్లు లేదా, నాయనా?”

నేను మాటాడలేదు. అన్నము తింటివా యని అడిగిన నా ఫోనులన్నియు జ్ఞాపకమునకు వచ్చెను. నాలుగు సువార్తలలో గాలము మాట ఒక్కచోటనే యున్నది. పన్ను కట్టుటకై ప్రభువు పేతురును పంపిన చోట. అతడు ఏ ఎర గ్రుచ్చెనో మత్తయి వ్రాయలేదు. గలిలయ సముద్రమనునది పేరునకే సముద్రము, అందలి నీరు మంచినీరే. పేతురుకు నా వానపాములు పనికివచ్చియుండును అనుకొని నవ్వుకొంటిని.

“ఆ అమ్మాయికి మన వంట తెలుసునా?” అని అడిగితిని. ఆమెను గూర్చి నేను అడిగిన మొదటి మాట అదియే.

“నువ్వే అడుగు” అనెను.

ఇంటికి వట్టి చేతులతో వచ్చితిమి. నా కోడలు డబ్బా మూత తీసి చూచి, ఉలికిపడక, పెరటిలోని కరివేపాకు తొట్టి దగ్గర కూర్చుండెను. మట్టిని చేతితో కుళ్లగించి పాములను అందులో వదలెను.

“మామయ్యగారూ, ఇవి ఇక్కడ బ్రతుకుతాయా?”

తొట్టిని ఎండనీయకుండ మంచినీళ్లు పోయుచుండుమని చెప్పితిని. ఆమె చెంబు తెచ్చుటకు లోపలికి పోయెను.