లక్నవరం ఒడ్డున

ములుగు జిల్లా గోవిందరావుపేట దగ్గర లక్నవరం చెరువును చూసినప్పుడల్లా కాకతీయుల ముందుచూపుకి మనసులోనే దండం పెట్టుకుంటాను. 13వ శతాబ్దంలో వాళ్లు కొండల మధ్య ఇరుకు సందులు ఎంచుకుని అక్కడ మాత్రమే కట్టలు పోశారు. మిగతా పని కొండలకే అప్పగించారు. నీళ్లు నిండాక గుట్టలు దీవులయ్యాయి. చుట్టూ దట్టమైన అడవి, నీటి నిండా దాని పచ్చదనం. ఇవాళ మనం వేలాడే వంతెన మీద నడుస్తాం, పడవెక్కుతాం, ఫొటోలు దిగుతాం. తూముల నీరు మాత్రం ఇప్పటికీ వరి పొలాలకే పారుతోంది. ఈ చెరువు పుట్టింది అన్నం కోసం. విహారం మన కాలానికి దక్కిన అదనపు వరం. అక్కడికి వెళ్తే ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా ఒడ్డున వదిలి రాకండి.